రోప్‌వే ఎక్కే ముందు కింద స్టేషన్లో కాసేపు నిలబడి చూడండి

ఒడిశాలో బరంపురం, ఛత్రపురం వైపు మనవాళ్ళకి రోప్‌వే అంటే ముందు తారాతారిణి అమ్మవారి కొండే. చైత్రమాసం మంగళవారాలు పిల్లల పుట్టెంట్రుకలు తీయించడానికి వెళ్తాం, 999 మెట్లు ఎక్కలేని మామ్మల్ని తాతల్ని రోప్‌వేలో కూర్చోబెడతాం. ఆ ధైర్యంతోనే కొందరు వేసవి సెలవుల్లో డార్జిలింగ్ వెళ్ళి 1968 నాటి రంగీత్ వేలీ రోప్‌వే కూడా ఎక్కీస్తారు, తీరా కింద లోయ చూసేసరికి కాళ్ళు వణుకుతాయి. మెషిన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ భయం సగం పోద్ది. మిగతా సగం ఉండాల్సిందే, ఎందుకంటే అదే డార్జిలింగ్ లైన్లో 2003లో ప్రమాదం జరిగి నలుగురు పోయారు, మళ్ళీ తెరిచింది 2012లో.

టికెట్ తీసుకున్నాక వెంటనే లైన్లోకి దూరిపోకండి. అడ్డంగా తిరిగే పెద్ద చక్రం ఉంటది చూడండి, బుల్ వీల్ అంటారు, మోటార్ గేర్‌బాక్స్ ద్వారా దాన్ని తిప్పుద్ది, అది కేబిన్లు వేలాడే రోప్‌ని లాగుద్ది. ఆ రోప్‌కి మొదలూ చివరా ఉండవు. రెండు కొసలు కలిపే చోట ముడి వెయ్యరు, తీగ పాయలు విడదీసి పదుల మీటర్ల పొడవునా ఒకదాంట్లో ఒకటి అల్లి కొసల్ని లోపలికి దూర్చేస్తారు, లావు పెద్దగా తేడా ఉండదు. బావి గిలకకి రెండు బొక్కెనలు కట్టినట్టు దిగే కేబిన్ల బరువు ఎక్కేవాటికి సాయం, మోటార్ మొయ్యాల్సింది ఆ తేడా, రాపిడీ అంతే. పాత లైన్లలో ఒక చివర గోతిలో కాంక్రీట్ దిమ్మ వేలాడుతుంటది, ఎండకి రోప్ సాగినా చలికి బిగిసినా దిమ్మ కిందికీ పైకీ కదిలి బిగువు ఒకేలా ఉంచుద్ది.

అన్నిటికన్నా చూడాల్సింది గ్రిప్. కేబిన్ రోప్‌ని పట్టుకునే దవడ అది. కొన్ని పాత మోడళ్ళలో కేబిన్ బరువే దాన్ని బిగిస్తుంది, జనం ఎక్కేకొద్దీ పట్టు ఇంకా గట్టిపడుద్ది, ఈ ఆలోచన నాకు భలే నచ్చుద్ది. స్టేషన్లోకి రాగానే రైలు పట్టా లాంటి పట్టా ఒకటి గ్రిప్ లివర్‌ని నొక్కి దవడ తెరుస్తుంది, కేబిన్ రోప్ వదిలేసి చిన్న చక్రాల మీద పట్టాపైకి వచ్చి నెమ్మదిస్తుంది, పాతవాటిల్లో అయితే మనుషులే చేత్తో తోస్తారు. బయటికెళ్ళేటప్పుడు దవడ మళ్ళీ మూసుకుంటది, అప్పుడు ఠంగుమని శబ్దం, ఒక కుదుపు. భయపడకండి, అది పట్టు దొరికిన శబ్దం.

టవర్ దగ్గర గ్రిప్ వరస చక్రాల మీంచి పోద్ది కాబట్టి గడగడమంటది, అదీ మామూలే. కొన్ని లైన్లలో గ్రిప్ స్టేషన్లో కూడా రోప్‌ని వదలదు, కేబిన్లు గుంపుగా కదులుతాయి, వేరే గుంపు ఎక్కుతున్నప్పుడు రోప్ మొత్తం నెమ్మదిస్తుంది, మనం గాల్లో ఆగినట్టుంటాం, కరెంటు పోయిందని కంగారుపడకండి. నిజంగా పోతే బ్రేకులు వాటంతటవే పడతాయి (ఎమర్జెన్సీ బ్రేక్ నేరుగా బుల్ వీల్‌నే పట్టుద్ది), తర్వాత డీజిల్ ఇంజన్‌తో మెల్లగా స్టేషన్‌కి తెస్తారు. ఆగినప్పుడు కేబిన్ కాసేపు పైకీ కిందికీ ఊగుద్ది, ఎవరూ లేచి నిలబడొద్దు.

ఎక్కేటప్పుడు కేబిన్ కదిలే దిక్కులోనే నడుస్తూ ఎక్కండి, ముందు ఒక పెద్దవాళ్ళు, తర్వాత పిల్లలు, చీర కొంగు చున్నీ లోపలికి లాక్కోండి, లావుగా ఉన్నవాళ్ళంతా ఒకే వైపు కూర్చోకండి. తలుపు మీరు ముట్టుకోవద్దు. బాత్రూమ్ పని ముందే కానిచ్చేయండి, మంచినీళ్ళు, షుగర్ బీపీ మాత్రలు దగ్గరుంచుకోండి. 2022 ఏప్రిల్‌లో జార్ఖండ్‌లోని దేవఘర్ దగ్గర త్రికూట్ రోప్‌వేలో జనం రాత్రంతా గాల్లోనే ఉండిపోయారు, హెలికాప్టర్లు వచ్చి తీశాయి.

గాలి ఎక్కువైతే ఆపేస్తారు, ఆపాలి కూడా, టికెట్ కొన్నాం కదా అని ఆపరేటర్‌తో గొడవ పెట్టుకోకండి. మనవైపు చైత్ర వైశాఖాల్లో కాలబైశాఖి గాలివాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే లేస్తుంది, అందుకని మామ్మల్ని తీసుకెళ్తే పొద్దున్నే ఎక్కించి ఎండ ముదరకముందే దించీయండి.