ఆర్థిక సంఘానికి పురపాలక సంఘం వినతి: ఎవరికి, ఎలా పంపాలి?

మంత్రి గారు ఊరికి వచ్చినప్పుడు శాలువా కప్పి, నిధులు చాలడం లేదని వినతిపత్రం చేతికివ్వడం మన పట్టణాల్లో ఆనవాయితీ. ఫోటో పేపర్లో వస్తుంది, కాగితం పేషీలో ఆగిపోతుంది. వాటా అడగడానికి రాజ్యాంగమే ఒక దారి చూపింది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ ద్వారా 243వై అధికరణం చేరింది. దాని ప్రకారం, ఐదేళ్లకోసారి ఏర్పడే రాష్ట్ర ఆర్థిక సంఘం పురపాలక సంఘాల ఆర్థిక స్థితిని సమీక్షించి, రాష్ట్ర పన్నుల్లో వాటికి ఎంత వాటా ఇవ్వాలో, ఏ పన్నులు అప్పగించాలో, ఎంత గ్రాంటు ఇవ్వాలో సిఫార్సు చేస్తుంది.

ముందుగా మీ కోరిక ఏ కోవకు చెందిందో తేల్చుకోండి. స్టాంపు డ్యూటీ సర్‌చార్జీలోనో, వృత్తి పన్నులోనో రావాల్సిన వాటా గురించైతే రాష్ట్ర ఆర్థిక సంఘానికి రాయాలి. నిబంధన మార్చాలని అడిగితే పురపాలక శాఖ కార్యదర్శికి రాయాలి. కేంద్ర గ్రాంట్లు 280వ అధికరణం కింద ఏర్పడే కేంద్ర ఆర్థిక సంఘం పరిధిలోవి. ఆ సంఘం రాష్ట్ర పర్యటనకు వచ్చినప్పుడు స్థానిక సంస్థల ప్రతినిధులతో సమావేశమవుతుంది కనుక అప్పటికి కాగితాలు సిద్ధంగా ఉండాలి. మూడింటినీ ఒకే లేఖలో కలిపేస్తే ఎవరికి వారు అది తమది కాదంటారు.

అర్జీదారు పురపాలక సంఘమే తప్ప చైర్‌పర్సనో, ఎమ్మెల్యేనో కాదు. కమిషనర్ అంకెలతో నోట్ తయారు చేసి ఎజెండాలో పెట్టాలి, కౌన్సిల్ చర్చించి తీర్మానించాలి. తీర్మానం నంబరు, తేదీ లేని వినతికి విలువ తక్కువ. ఆ చర్చలో ప్రతిపక్ష కౌన్సిలర్ల చేత కూడా మాట్లాడించడం మంచిది; ఏకగ్రీవ తీర్మానాన్ని రాజకీయ అర్జీ అని పక్కన పడేయడం కష్టం.

జత చేయాల్సిన వాటిలో మొదటివి ఆడిట్ అయిన లెక్కలు. 2021–26 కాలానికి పదిహేనో కేంద్ర ఆర్థిక సంఘం పట్టణ సంస్థలకు 1,21,055 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. కానీ లెక్కలను ఆన్‌లైన్‌లో ఉంచాలని, ఆస్తి పన్ను వసూళ్లు రాష్ట్ర ఆర్థిక వృద్ధికి తగ్గట్టు పెరగాలని షరతులు పెట్టింది. పది లక్షల లోపు జనాభా పట్టణాలకిచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది. మీ ఊళ్లో వీధి దీపాల కరెంటు బిల్లు, పారిశుద్ధ్య కార్మికుల వేతనాలే పెద్ద భారమైతే మీకు కావలసింది ముడి లేని గ్రాంటు. ఆ మాటే స్పష్టంగా రాయండి. మొత్తం పెంచమని అడిగితే మళ్లీ ముడిపెట్టిన డబ్బే రావచ్చు.

లెక్కలతో పాటు ఆస్తి పన్ను డిమాండ్, వసూళ్లు, బకాయిల పట్టిక, శివారు గ్రామాలు విలీనమైతే ఆ ఉత్తర్వుల నకళ్లు పెట్టండి. ఈ నకళ్లను చాలామంది మరిచిపోతారు. జనాభా విషయంలో 2011 జనగణన అంకెలే ఇప్పటికీ కొలమానం కావడం పెరుగుతున్న పట్టణాలకు నిజంగా అన్యాయమే. ప్రస్తుత ఇళ్ల సంఖ్య, నల్లా కనెక్షన్ల సంఖ్య ఇస్తే ఆ వాదనకు ఆధారం దొరుకుతుంది.

వసూళ్లు బలహీనంగా ఉంటే మొదటి ప్రశ్న మీకే ఎదురవుతుంది. కాబట్టి అర్జీ పెట్టకముందే ఇంటి పని ఒకటి పూర్తి చేయాలి. కేంద్ర ప్రభుత్వ భవనాలకు 285వ అధికరణం కింద ఆస్తి పన్ను మినహాయింపు ఉంది, కానీ సేవా రుసుము కట్టాల్సిందే. 2009లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఈ రుసుమును, వాడుకునే సేవలను బట్టి, ఆస్తి పన్నులో 75, 50 లేదా 33⅓ శాతంగా ఖరారు చేసింది. అలాంటి భవనాలకు డిమాండ్ నోటీసు ఇవ్వకుండా పై నుంచి నిధులు అడిగితే వాదన తేలిపోతుంది.

లేఖ రెండు పేజీలు దాటకూడదు. అడిగే మొత్తం, దానికి ఆధారమైన లెక్క, అది రాకపోతే ఆగే పని ఉంటే చాలు, పొగడ్తలు వద్దు. రాష్ట్ర ఆర్థిక సంఘం ప్రశ్నావళి పంపితే దాన్ని గుమాస్తాకు వదిలేయకుండా అకౌంట్స్ అధికారి, కమిషనర్ కూర్చుని నింపాలి. ఖాళీగా వదిలిన గడిని అవసరం లేదనే చదువుతారు. నకలు పురపాలక శాఖ డైరెక్టరేట్‌కు పంపి, అందినట్టు రసీదు తీసుకోండి.

తర్వాత ఆలస్యం తప్పదు. రాష్ట్ర ఆర్థిక సంఘం నివేదిక గవర్నర్‌కు చేరుతుంది. ప్రతి సిఫార్సుపైనా ఏ చర్య తీసుకున్నారో వివరించే పత్రంతో పాటు దాన్ని శాసనసభ ముందు ఉంచాలి. ఇక్కడే ఏళ్లు గడిచిపోతుంటాయి. 2024 మార్చి తర్వాత ఈ పని చేయని రాష్ట్రాలకు గ్రాంట్లు ఇవ్వవద్దని పదిహేనో ఆర్థిక సంఘం చెప్పడానికి కారణం అదే. నివేదిక ఎక్కడ ఆగిందో తెలియకపోతే ఆర్థిక శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు వేయవచ్చు. ఈ దరఖాస్తుకు కౌన్సిల్ తీర్మానం అక్కర్లేదు, పట్టణంలోని ఏ పౌరుడైనా పెట్టవచ్చు.