క్రాస్ కంట్రీలో మా టీమ్ ఎలా గాడిలో పడిందంటే

ఒంగోలులో మా కాలేజీ పిల్లలకు నేనే కోచింగ్ ఇస్తాను. ఇద్దరు బాగా పరిగెత్తేవాళ్లు, అయినా టీమ్‌గా ఎప్పుడూ అడుగునే. క్రాస్ కంట్రీ అంటే ట్రాక్ మీద కాకుండా పొలాలు, మట్టి దారుల్లాంటి నేల మీద పెట్టే పరుగు పందెం. ఇందులో టీమ్ స్కోరుకి కలిపేది టైమ్‌లను కాదు, స్థానాలను. మొత్తం ఎవరికి తక్కువైతే వాళ్లదే గెలుపు. ప్రపంచ పోటీల్లో సీనియర్ రేసులకు ఒక్కో టీమ్ నుంచి ఆరుగురు దిగితే, వాళ్లలో ముందొచ్చిన నలుగురి స్థానాలే లెక్క. అంటే మనవాడు ఫస్ట్ వచ్చినా నాలుగోవాడు అరవయ్యో స్థానంలో వస్తే లాభం లేదు, పైగా గుంపుగా వచ్చే మధ్య వరసలో పది సెకన్లు తగ్గితే చాలు, బోలెడు స్థానాలు మారిపోతాయి.

అందుకే మూడు, నాలుగు, ఐదో వాళ్ల మీద దృష్టి పెట్టాను. ముగ్గురూ కలిసి ఒకే వేగంతో వెళ్లాలి, మొదటి కిలోమీటరులో ఎవరూ ముందుకు దూకకూడదు, పిల్లల్ని దీనికి ఒప్పించడమే అన్నిటికన్నా కష్టమైంది. ఆదివారాలు కొత్తపట్నం బీచ్‌లో పొడి ఇసుక మీద, మిగతా రోజులు పొలాల మట్టి దారుల్లో పరుగు. ట్రాక్‌కే అలవాటుపడిన కాళ్లు మెత్తటి నేల మీద తొందరగా అలిసిపోతాయి. మన ఎండలకి తెల్లారకముందే మొదలుపెట్టాలి. ఖాళీ కడుపుతో వచ్చే హాస్టల్ పిల్లలకు ముందు అరటిపండు పెట్టించాను, కళ్లు తిరగడం ఆగింది.

ఈసారి ఆ ముగ్గురూ దాదాపు ఒకరి వెనక ఒకరు వచ్చారు, టీమ్‌కి మూడో స్థానం దక్కింది.