మేడ మీద సైన్స్ ఫిక్షన్: ఏ సిరీస్‌ని ఏ ఎపిసోడ్‌తో మొదలుపెట్టాలి

సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లంటే పడి చచ్చేవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి, తమకి ప్రాణమైన సిరీస్‌ని మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ నుంచి వేస్తారు. ఇరవై నిమిషాలు గడిచేసరికి బావగారు ఫోన్ తీస్తారు, పిన్ని "పాలు పొయ్యి మీద పెట్టి వచ్చానర్రా" అంటూ లేస్తుంది. ఇక ఆవిడ తిరిగి రాదు. చాలా సిరీస్‌లకి మొదటి ఎపిసోడ్లే బలహీనం. తీసేవాళ్లకే ఇంకా చెయ్యి తిరగని రోజులవి. కాబట్టి కొత్తవాళ్లకి చూపించేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఏ ఎపిసోడ్‌తో మొదలుపెట్టాలన్నది. విశాఖలో మేడ మీద ప్రొజెక్టరు, స్పీకరు, మురీ మిక్చరు సంగతి ఆ తర్వాత.

స్టార్ ట్రెక్

మొదటి స్టార్ ట్రెక్ 1966 సెప్టెంబరు 8న మొదలై మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు నడిచింది. కొత్తవాళ్లని దాంతో మొదలుపెట్టించొద్దు. 1987లో వచ్చిన 'ద నెక్స్ట్ జనరేషన్' తీసుకోండి. అందులోనూ మొదటి సీజన్ వదిలేసి, రెండో సీజన్ 9వ ఎపిసోడ్ 'ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' వేయండి. ముందు చెప్పాల్సినవి రెండే ముక్కలు: అంతరిక్ష ఓడలో పనిచేసే డేటా అనే ఆఫీసరు మనిషి కాదు, యంత్రం. అలాంటి యంత్రాన్ని ఇంకోదాన్ని తయారుచేయడం ఎవరికీ చేతకావడం లేదు. అతన్ని విప్పి చూస్తానని ఒక శాస్త్రవేత్త వస్తాడు. డేటా ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడానికి అతనికి హక్కుందా, లేక అతను ప్రభుత్వం సొత్తా అని విచారణ జరుగుతుంది. డేటాకి వ్యతిరేకంగా వాదించే పని అతని స్నేహితుడు రైకర్ నెత్తిన పడుతుంది. రైకర్ వాదిస్తూ వాదిస్తూ వెళ్లి డేటా వీపు మీదున్న స్విచ్చి నొక్కేస్తాడు. డేటా బల్ల మీద వాలిపోతాడు. అప్పుడు రైకర్ మొహం చూడమనండి. వాదన గెలుస్తున్నానని తెలిసి కుమిలిపోయే మొహం అది.

కోర్టు సీనుకి లొంగని తెలుగు ప్రేక్షకుడు ఉండడు కాబట్టి ఇది చాలావరకు పారుతుంది. స్టార్ ట్రెక్ అభిమానులు దేన్ని చూసి మురిసిపోతారో కూడా ఇక్కడే తెలుస్తుంది. తుపాకీ తీయకుండా, ఒక గదిలో కూర్చుని తర్కంతో తేల్చుకుంటారు.

రెండో వారం 'డార్మక్', అయిదో సీజన్ 2వ ఎపిసోడ్. ఇందులో ఒక గ్రహంవాళ్లు తమ పురాణాల్లోని ఘట్టాల పేర్లతోనే మాట్లాడతారు. అనువాద యంత్రం మాటలన్నీ మార్చి చెబుతుంది, కానీ ఒక్క ముక్కా అర్థం కాదు. దీన్ని మనవాళ్లకి వివరించడం మహా తేలిక. "మయసభలో దుర్యోధనుడు" అంటే మనింట్లో ఎవరికైనా అవమానం, కక్ష, రాబోయే గొడవ అన్నీ ఒక్కసారే తోస్తాయి. భారతం తెలియనివాడికి అది ఎవరో ఒకడు ఏదో సభలో ఉన్నాడన్న కబురు మాత్రమే. ఈ పోలిక ఎపిసోడ్‌కి ముందు చెప్పకండి. సగంలో ఎవరో ఒకరు "వీళ్లు సామెతల్లో మాట్లాడుతున్నారేంటి?" అంటారు, అప్పుడు చెప్పండి. ఇది నచ్చితే మూడో సీజన్ నుంచి వరసగా వెళ్లొచ్చు. అయిదో సీజన్ 25వ ఎపిసోడ్ 'ది ఇన్నర్ లైట్' మాత్రం అప్పటిదాకా దాచుకోవాలి.

పాత స్టార్ ట్రెక్ సిరీస్‌ల బొమ్మ 4:3 కొలతలో ఉంటుంది. రెండు పక్కలా నల్లపట్టీలు వస్తే రావనివ్వండి. "నిండుగా లేదు" అని జూమ్ నొక్కితే తలలు తెగుతాయి, సాగదీస్తే అందరూ లావైపోతారు.

డాక్టర్ హూ

ఇక్కడ వచ్చే చిక్కంతా సీజన్ నంబర్లతోనే. బీబీసీ దీన్ని 1963 నవంబరు 23న మొదలుపెట్టింది. 1989లో ఆపేసి, 2005లో మళ్లీ ఒకటో నంబరు నుంచి లెక్కపెట్టింది. 2024లో ఇంకోసారి ఒకటి అంది. అంటే 'సీజన్ 1' అని వెతికితే మూడు దొరుకుతాయి. మీకు కావాల్సింది 2005ది, 'రోజ్' అనే ఎపిసోడ్‌తో మొదలయ్యేది. కానీ దాన్నీ రెండో వారానికి ఉంచండి. అందులో ప్లాస్టిక్ బొమ్మలు లేచి నడవడం చూసి పెద్దవాళ్లు నవ్వేస్తారు.

మొదటి రాత్రికి మూడో సీజన్ 10వ ఎపిసోడ్ 'బ్లింక్', 2007లోది. మనం చూస్తున్నంతసేపూ రాతి విగ్రహాలుగా ఉండి, రెప్ప వేస్తే కదిలి మీదికొచ్చే దేవదూతల కథ. కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే హీరో డాక్టరు అసలు కనపడేదే కాసేపు కాబట్టి వెనక కథ ఏమీ తెలియక్కర్లేదు. సరిగ్గా విగ్రహాలు దగ్గరికొచ్చే వేళకి కరెంటు పోతే అది మీ అదృష్టం.

ఆ తర్వాత 'రోజ్' నుంచి వరసగా వెళ్లేటప్పుడు రెండు చోట్ల కాలు జారుతుంది. 'ది ఎంప్టీ చైల్డ్', 'ద డాక్టర్ డాన్సెస్' ఒకే కథ, ఒకే రాత్రి చూడాలి. సీజన్ల మధ్య వచ్చే క్రిస్మస్ ఎపిసోడ్లని స్ట్రీమింగ్‌లో ఒక్కోసారి 'స్పెషల్స్' కింద విడిగా పెడతారు. 2005 డిసెంబరు 25 నాటి 'ద క్రిస్మస్ ఇన్వేజన్' వదిలేస్తే, రెండో సీజన్లో కొత్త డాక్టరు ఉన్నట్టుండి ఊడిపడ్డట్టుంటుంది. హీరో చనిపోయే స్థితికొస్తే వేరే ఒళ్లు, వేరే గుణంతో లేస్తాడన్నది 1966లో మొదటి నటుడు తప్పుకున్నప్పుడు పుట్టించిన ఉపాయం. అరవై ఏళ్లుగా సిరీస్‌ని మోస్తున్నది ఆ ఒక్క ఉపాయమే. "మా డాక్టరు ఫలానా ఆయన" అని అభిమానులు కొట్టుకునేదీ అందుకే.

బ్యాటిల్‌స్టార్ గలాక్టికా, ఫైర్‌ఫ్లై

ఈ రెండింటినీ వరస తప్పి చూసి పాడుచేసుకున్నవాళ్లే ఎక్కువ.

గలాక్టికా అనే పేరుతో 1978లో ఒకటుంది. మీకు కావాల్సింది 2003లోది, యంత్రాల దాడి నుంచి తప్పించుకుని అంతరిక్షంలో పారిపోయే మనుషుల కథ. అది ముందు రెండు భాగాల మినీ సిరీస్‌గా, సుమారు మూడు గంటల నిడివితో వచ్చింది. తర్వాతే సీజన్లు. చాలాచోట్ల మినీ సిరీస్ విడిగా ఉండటంతో జనం తిన్నగా '33' అనే మొదటి ఎపిసోడ్‌కి వెళ్లిపోతారు. అందులో ప్రతి 33 నిమిషాలకీ శత్రువు వచ్చిపడతాడు, ఎవరికీ అయిదు రోజులుగా నిద్ర లేదు. మినీ సిరీస్ చూసినవాడికి అది ఊపిరాడనివ్వని ఎపిసోడ్. చూడనివాడికి కళ్లు ఎర్రబడ్డ ముక్కూమొహం తెలియని జనం. కాబట్టి ఒక శనివారం మూడు గంటలూ కేటాయించండి, భోజనం మధ్యలో పెట్టుకోండి. అధ్యక్షురాలి దగ్గరున్న తెల్లబోర్డుని గమనించమని చెప్పండి. మనుషుల్లో ఎంతమంది మిగిలారో అంకె వేసి ఉంటుంది. '33' చివర్లో ఒక బిడ్డ పుట్టాడని తెలిసి ఆవిడ ఆ అంకెకి ఒకటి కలుపుతుంది. ఈ సిరీస్ మీద ఎందుకంత మోజు అని అడిగినవాళ్లకి ఆ ఒకటి చూపిస్తే చాలు.

ఫైర్‌ఫ్లైకి అన్యాయం చేసింది ప్రసారం చేసిన ఛానలే. రెండు గంటల మొదటి ఎపిసోడ్ 'సెరెనిటీ'ని పక్కనపెట్టి, 2002 సెప్టెంబరు 20న రెండోదైన 'ద ట్రెయిన్ జాబ్'తో మొదలుపెట్టింది. మొదటిది వేసింది డిసెంబరు 20న, అన్నిటికంటే ఆఖర్న. తీసిన 14లో అప్పటికి 11 మాత్రమే ప్రసారమయ్యాయి. మీరు 'సెరెనిటీ' ఎపిసోడ్‌తో మొదలుపెట్టి 'ఆబ్జెక్ట్స్ ఇన్ స్పేస్'తో ముగించాలి. అదే పేరుతో 2005లో వచ్చిన సినిమా అన్నీ అయ్యాకే. పేరు ఒకటే కావడంతో సినిమా ముందు చూసేసినవాళ్లు బోలెడు మంది. ఓడలో ఉండేది తొమ్మిదిమంది, గ్రహాంతరవాసులు లేరు, ఓడ ఎప్పుడూ రిపేరే. పండగకి ఒకే ఇంట్లో చేరిన చుట్టాల్లా వాళ్ల మాటలుంటాయి. మొత్తం పద్నాలుగే కావడంతో అభిమానుల బెంగ ఇప్పటికీ తీరలేదు.

ది ఎక్స్‌పాన్స్: విశాఖవాళ్లకి దగ్గరి సిరీస్

మనుషులు భూమి దాటి సౌరకుటుంబమంతా పాకిన రోజుల కథ. 2015 నుంచి 2022 దాకా, ఆరు సీజన్లు, 62 ఎపిసోడ్లు. ఐక్యరాజ్యసమితిలో చక్రం తిప్పే క్రిస్‌జెన్ అవసరాల ఇందులో ముఖ్యపాత్ర. ఆ ఇంటిపేరు వినగానే "మనవాళ్లే" అంటారు, ఇక సగం పని అయిపోయినట్టే. గ్రహశకలాల్లో బతికే కూలీజనం మాట్లాడే కలగాపులగపు భాషని నిక్ ఫార్మర్ అనే భాషాశాస్త్రవేత్త ఈ సిరీస్ కోసం కట్టాడు. హార్బరు దగ్గర తెలుగు, ఒడియా, హిందీ కలిపి మాట్లాడే మాట విన్న చెవికి అది కొత్తగా అనిపించదు.

దీనికి మాత్రం మొదటి ఎపిసోడ్ నుంచే వెళ్లాలి, దొడ్డిదారి లేదు. మూడు చోట్ల మూడు కథలు నడుస్తాయి కాబట్టి మొదటి మూడు ఎపిసోడ్లలో తికమక తప్పదు. నాలుగోది 'సీక్యూబీ'తో కథ అందుకుంటుంది. అందుకని మొదటి రాత్రి రెండు, రెండో రాత్రి రెండు అని ముందే ఒప్పందం చేసుకోండి. వారానికొకటి చొప్పున చూస్తే మూడో వారానికి ఎవరూ రారు. నాలుగోదాంట్లో రక్తపాతం ఉంది, చిన్నపిల్లల్ని కిందికి పంపేయాలి.

మొదలుపెట్టే ముందు బరువు సంగతి ఒక్క నిమిషం చెప్పండి. ఓడ ఇంజిన్ తోస్తున్నంతసేపే లోపలున్నవాళ్లకి బరువుంటుంది, లిఫ్టు పైకి కదిలినప్పుడు కాళ్ల మీద భారం తెలిసినట్టు. ఇంజిన్ ఆగితే తేలతారు, అందుకే అయస్కాంతపు బూట్లు. సగం దూరం వెళ్లాక ఓడ వెనక్కి తిరిగి ఇంజిన్ వేయాలి, లేకపోతే ఆగదు. బరువు పుట్టడానికి గిర్రున తిప్పిన సెరెస్ అనే గ్రహశకలంలో గ్లాసులోకి పోసే మందు తిన్నగా పడదు, వంపు తిరిగి పడుతుంది. ఇంజినీరింగ్ చదివిన పిల్లలకి ఈ ఒక్క సీనే చాలు. 2018లో మూడు సీజన్లతో ఆపేస్తే అభిమానులు అమెజాన్ స్టూడియోస్ మీదుగా విమానంతో బ్యానర్ ఎగరేయించారు. తర్వాతి మూడు సీజన్లూ అమెజాన్‌లోనే వచ్చాయి.

కాలప్రయాణం మీద వచ్చిన జర్మన్ సిరీస్ 'డార్క్' చూసేవాళ్లు జర్మన్ మాటలతోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. ఏ-3 కాగితం మీద 1953, 1986, 2019 అని మూడు నిలువు గళ్లు, నాలుగు కుటుంబాలకి నాలుగు అడ్డగళ్లు గీసి గోడకి అంటించండి. పేర్లు చూస్తూ నింపాలి. నెట్‌లో వెతికారో, ఎవరు ఎవరికి ఏమవుతారో బయటపడి మూడు సీజన్లూ బూడిదలో పోసిన పన్నీరే. బ్లాక్ మిర్రర్ మొదటి ఎపిసోడ్ మాత్రం ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు వేయకండి. కారణం అడక్కండి.

మేడ మీద ఏర్పాటు

విశాఖలో సాయంత్రం సముద్రం గాలికి గుడ్డ తెర కాస్తా తెరచాప అవుతుంది. మెట్లగది గోడకి తెల్లసున్నం ఉంటే అంతకంటే మంచి తెర లేదు. గుడ్డే కట్టాలంటే పర్దాలు కుట్టేవాళ్ల దగ్గర తెల్ల బ్లాకౌట్ గుడ్డ తీసుకుని, అడుగున మడత కుట్టించి, అందులోకి ఇసుక నింపిన అంగుళం పీవీసీ గొట్టం దూర్చండి. వంద అంగుళాల బొమ్మంటే 221 సెంటీమీటర్ల వెడల్పు, 125 ఎత్తు. ప్రొజెక్టరు త్రో రేషియో (బొమ్మ వెడల్పుకి ఎన్ని రెట్ల దూరం కావాలన్న అంకె) 1.2 అయితే తెరకి 2.65 మీటర్ల దూరంలో పెట్టాలి. అట్టపెట్టె మీద వేలల్లో రాసిన ల్యూమెన్లు (వెలుగు కొలత) నమ్మొద్దు, 'ఆన్సీ' అని ఉన్న అంకె చూడండి.

ఏసీ గదిలోంచి తిన్నగా మేడ మీదికి తెస్తే ఉక్కకి లెన్సు మీద చెమ్మ పట్టి బొమ్మ మసకబారుతుంది. గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, అరగంట అలా వదిలేస్తే అదే పోతుంది. జూన్‌లో మనకి పొద్దుగుంకేది ఆరున్నరకి, డిసెంబరులో అయిదున్నర ప్రాంతంలోనే. ఆ తర్వాత ముప్పావుగంట ఆగి మొదలుపెట్టండి. వానాకాలంలో తెర వెలుగుకి ఉసిళ్లు ముసురుతాయి. మేడకి ఇంకో మూల ఒక బల్బు వేసి ఉంచితే సగం అటు పోతాయి.

ఫోన్ తెరని ప్రొజెక్టరుకి పంపితే మాట వినపడుతుంది, బొమ్మ నల్లగా వస్తుంది. వైరు పాడవలేదు, కాపీ కాకుండా యాప్ పెట్టుకున్న తాళం అది. స్ట్రీమింగ్ స్టిక్ పెడితే సమస్య ఉండదు. బ్లూటూత్ స్పీకరుకి మాట వెనకబడుతుంది, పెదవులొకటి మాటొకటి అవుతుంది. ఆక్స్ వైరు వాడండి. మేడ మీద వైఫై అందకపోతే ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుంది, హెచ్‌డీలో గంటకి మూడు జీబీ దాకా లాగుతుంది. టికెట్టు పెట్టి డబ్బులు మాత్రం వసూలు చేయకండి, మీ చందా ఇంట్లో చూసుకోవడానికే. ఆట అయ్యాక వైర్లు పైనే వదిలేస్తే ఉప్పుగాలికి హెచ్‌డీఎంఐ మూతి చిలుమెక్కుతుంది. మూతున్న డబ్బాలో సిలికా పొట్లాలు వేసి పెట్టండి.

సందేహం వస్తే ఆపి అడగొచ్చు, కానీ ఎపిసోడ్‌కి రెండుసార్లే. సమాధానం ఒక్క వాక్యంలో చెప్పాలి, "ముందు ముందు ఏమవుతుందంటే" అని ఎవరూ అనకూడదు. రాత్రికి రెండు ఎపిసోడ్లు మించకండి.

నెల రోజులు నిలబడ్డ గుంపుకి అప్పుడు 1966 నాటి పాత స్టార్ ట్రెక్‌లోంచి 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్' వేయండి. కనపడని శత్రు ఓడని దాని కదలికని బట్టి వేటాడే కథ. జలాంతర్గామి యుద్ధాన్ని అంతరిక్షంలోకి ఎత్తుకొచ్చారు. చప్పుడు వినపడుతుందేమోనని అంతరిక్షంలో గుసగుసలాడటం సైన్స్ ప్రకారం ఒట్టి నాన్సెన్స్, అయినా గుండె దడదడలాడుతుంది. మర్నాడు ఆదివారం అందర్నీ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా లోపలికి తీసుకెళ్లండి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి ఇప్పుడు మ్యూజియంగా ఉన్న జలాంతర్గామి, 91 మీటర్ల పొడవు. ఒకరి వెనక ఒకరు వంగి దాటే గుండ్రటి తలుపులు, మంచం కింద మంచం, మొహానికి తగిలే గొట్టాలు. ఎపిసోడ్ ముందు, కుర్సురా తర్వాత. అటుదిటు చేస్తే, అసలుది చూసొచ్చిన కళ్లకి ఆ పాత సెట్టు అట్టముక్కల్లా కనిపిస్తుంది.