వంట సోడా: ఎక్కడ వాడాలి, ఎంత వాడాలి

తినే సోడా అని మనం పిలుచుకొనే వంట సోడా, రసాయన పరిభాషలో సోడియం బైకార్బొనేట్. ఇది స్వల్ప క్షారం కనుక జిడ్డును వదిలిస్తుంది, పులుపును విరుస్తుంది. పులుపు గాని గట్టి వేడి గాని తగిలితే కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. వంటింట్లో దీని ఉపయోగాలన్నీ దాదాపుగా ఈ గుణాల నుంచి పుట్టినవే.

పాలు అడుగంటిన స్టీలు గిన్నెను పీచుతో అదేపనిగా తోమి చేతులు నొప్పి పుట్టించుకోవలసిన అవసరం లేదు. మాడిన భాగం మునిగేంత నీళ్లు పోసి, రెండు చెంచాల సోడా వేసి, సన్నని మంట మీద పది నిమిషాలు మరగనివ్వాలి. నీళ్లు మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతాయి, అంచుల దగ్గర మాడు రేకులు రేకులుగా లేస్తుంది. చల్లారాక చెక్క గరిటెతో నెడితే చాలావరకు ఊడివస్తుంది, మొండిగా మిగిలినదానికి మరోసారి ఇలాగే చేయాలి. అల్యూమినియం పాత్రలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. క్షారం తగిలి అవి నల్లబడతాయి.

సోడాలో వెనిగర్ గాని నిమ్మరసం గాని కలిపితే వచ్చే నురగను చూసి మురికి వదులుతోందని చాలామంది నమ్ముతారు. నిజానికి ఆమ్లమూ క్షారమూ ఒకదాని బలాన్ని మరొకటి హరించుకుంటాయి. అందువల్ల ముందు సోడాతో తోమి కడిగి, ఆ తరువాతే నిమ్మచెక్కతో రుద్దడం మేలు.

వంటలో చేయి బిగించి వాడాలి. బజ్జీల పిండిలో కప్పు శనగపిండికి చిటికెడు చాలు, అదీ నూనె కాగాక కలపాలి. ఎక్కువైతే బజ్జీలు నూనె పీల్చి, సబ్బు రుచి వస్తాయి. శనగలు నానబెట్టేటప్పుడు చిటికెడు వేస్తే త్వరగా ఉడుకుతాయి గాని, బి1 విటమిన్ కొంత నశిస్తుంది కనుక కుక్కర్‌లో ఎలాగూ ఉడికే కందిపప్పుకు దీన్ని వేయవద్దని నా గట్టి సలహా. ఒక చెంచా సోడాలో సుమారు 1,200 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రక్తపోటు ఉన్నవారు ఈ లెక్క మరవకూడదు.

ఫ్రిజ్‌లో వాసనలు తగ్గడానికి చిన్న గిన్నెలో సోడా పోసి మూత లేకుండా ఉంచి, రెండు మూడు నెలలకు మార్చాలి. ఆ పాత సోడాను వంటకు వాడక, సింకు తోమడానికి వాడుకోవచ్చు.

డబ్బా మీద పేరు తప్పక రాయండి. చూపుకు ఇంచుమించు ఇలాగే ఉండే బట్టల సోడా చాలా ఘాటైన క్షారం, తినదగినది కాదు.