"కార్డు పాడైంది" అనే ముందు

ముహూర్తాల రోజుల్లో తిరుపతి ఫొటోగ్రాఫర్ల నోట "కార్డు పాడైంది" అనే మాట తరచుగా వినిపిస్తుంది. మెమరీ కార్డు కొనేటప్పుడు జీబీ ఒక్కటే చూసి, పక్కనున్న చిన్న అక్షరాలు వదిలేయడం వల్ల వచ్చే తంటాలే ఇందులో ఎక్కువ.

సమస్య: సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకు 4కే వీడియో దానంతటదే ఆగిపోతుంది.

కారణం: కెమెరా పంపినంత వేగంగా కార్డు రాసుకోలేకపోతోంది. కార్డు మీద పెద్దగా అచ్చేసే 100, 170 లాంటి అంకెలు చదివే వేగానివి, అదీ గరిష్ఠం. మనకు కావాల్సింది రాసే కనీస వేగం. దాన్ని చెప్పేవి కార్డు మీది చిన్న గుర్తులు: క్లాస్ 10 అంటే సెకనుకు 10 మెగాబైట్లు, యూ3 లేదా వీ30 అంటే 30, వీ60 అంటే 60.

పరిష్కారం: కెమెరా మెనూలో బిట్‌రేట్, అంటే సెకనుకు వీడియో పంపే డేటా, మెగాబిట్లలో ఉంటుంది, దాన్ని 8తో భాగించండి. 100 ఉంటే 12.5 మెగాబైట్లు, వీ30 హాయిగా సరిపోతుంది. 400 అయితే 50, అప్పుడు వీ60 తప్పదు. అందరూ వీ90 కొనాలనే సలహాను నేనైతే పట్టించుకోను. ఇంకో సంగతి, రెండు వరసల పిన్నులున్న యూహెచ్‌ఎస్-2 కార్డును పాత స్లాట్‌లో పెడితే పనిచేస్తుంది గానీ, ఆ అదనపు వేగం రాదు. కార్డు రీడర్ విషయమూ అంతే.

సమస్య: పాత కెమెరా 64 జీబీ కార్డును గుర్తించదు.

కారణం: చూడ్డానికి అన్నీ ఒకే సైజు, రకాలు వేరు. 2 జీబీ వరకు ఎస్‌డీ, 32 వరకు ఎస్‌డీహెచ్‌సీ, ఆపైన 2 టీబీ వరకు ఎస్‌డీఎక్స్‌సీ. కొత్త కెమెరాలు పాత రకాలను తీసుకుంటాయి, పాతవి కొత్త రకాలను తీసుకోవు.

పరిష్కారం: స్లాట్ దగ్గర ఎస్‌డీహెచ్‌సీ గుర్తే ఉంటే 32 జీబీ కొనండి.

సమస్య: అలిపిరి నుంచి కొండకు తిరిగే టాక్సీ డ్యాష్‌క్యామ్‌లో (ముందద్దం దగ్గర దారిని రికార్డు చేసే కెమెరా) కావాల్సిన క్లిప్పే ఉండదు.

కారణం: పాతది చెరిపి కొత్తది రాస్తూ ఉండటంతో మామూలు మైక్రోఎస్‌డీ త్వరగా అరిగిపోతుంది. అద్దం వెనకాల మే నెల ఎండ సరేసరి.

పరిష్కారం: హై ఎండ్యూరెన్స్ అని రాసున్న కార్డు వాడి, అప్పుడప్పుడు డ్యాష్‌క్యామ్‌లోనే ఫార్మాట్ చేయండి.

సమస్య: కార్డు మీదికి ఏదీ ఎక్కదు. పక్కనున్న లాక్ మీట కిందికి జారి ఉంటుంది, పైకి నెట్టండి.

సమస్య: చౌకగా దొరికిన 512 జీబీ కార్డులో కొంతవరకు ఫొటోలు బాగుంటాయి, తర్వాతవి తెరుచుకోవు.

కారణం: నకిలీ కార్డు. లోపలున్నది తక్కువ, కంప్యూటర్‌కు చూపించేది ఎక్కువ.

పరిష్కారం: విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో ఎఫ్3 అనే ప్రోగ్రామ్‌తో కార్డు నిండా రాయించి పరీక్షించండి. పరీక్షలో నెగ్గకపోతే ఫార్మాట్ చేసి లాభం లేదు, రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి ఇచ్చేయండి.