నేపాల్ పల్లె బడిలో వాలంటీరుగా రెండు నెలలు ఉండాలంటే ఎలా?

ఉద్యోగం మారే మధ్యలోనో, డిగ్రీ అయ్యాకో కొన్నాళ్ళు ఎక్కడైనా పిల్లలకి చదువు చెప్పాలని ఉన్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. విదేశం అనగానే వీసా, టికెట్లు, ఖర్చు అని ఆగిపోతారు. నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు. నేను లమ్‌జుంగ్ జిల్లాలో కొండ మీద ఒక సర్కారు బడిలో తొమ్మిది వారాలు ఉండి వచ్చాను. వెళ్ళేముందు పాఠం ఎలా చెప్పాలో అందరూ చెప్పారు గానీ, అన్నం ఎన్నింటికి తింటారో, స్నానం ఎక్కడ చేస్తారో, సాయంత్రం ఆరు దాటాక ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. బడిలో ఉండేది ఆరు గంటలే, మిగతా పద్దెనిమిది గంటలు ఇంకొకళ్ళ ఇంట్లో ఉంటాం. ఆ ఇంటి పద్ధతికి మనం సర్దుకుంటే బడిలో పని దానంతట అదే సాగుతుంది, అందుకే ఇక్కడ ఇంటి సంగతులే ఎక్కువ రాస్తున్నాను.

1. ముందు నెల చూసుకోండి, తర్వాత బడి

నేపాల్‌లో క్యాలెండర్ లెక్క విక్రమ సంవత్‌ది. కొత్త తరగతులు బైశాఖ్‌లో, అంటే మన ఏప్రిల్ మధ్యలో మొదలవుతాయి. దశైం (మన దసరా), తిహార్ (మన దీపావళి) పండగలు సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ మధ్య దాకా వస్తాయి, అప్పుడు బళ్ళు చాలా రోజులు మూసేస్తారు. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ దాకా వానలు, కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతాయి, బడికి వెళ్ళే దారిలో కాళ్ళకి జలగలు పడతాయి. కాబట్టి ఏప్రిల్ చివర వెళ్ళి జూన్‌కి వచ్చేయడం, లేదా తిహార్ అయ్యాక నవంబర్‌లో వెళ్ళడం మంచిది. చలికాలం వెళ్తే ఎత్తు ప్రాంతాల్లో శీతాకాలం సెలవులు ఎప్పుడో ముందే కనుక్కోండి.

బడి విషయంలో మధ్యవర్తి ఉన్నా సరే, హెడ్‌సర్‌తో ఒక్కసారి నేరుగా ఫోన్‌లో మాట్లాడండి. ఒకే ప్రశ్న అడగండి: "నేను క్లాసులో ఉన్న గంటలో ఆ క్లాసు టీచర్ ఎక్కడ ఉంటారు?" పక్కనే ఉంటారు అంటే వెళ్ళండి. ఆ టీచర్‌కి సెలవు ఇస్తాం అంటే మాత్రం ఒప్పుకోకండి, మీరు వచ్చేసిన మర్నాడు ఆ పిల్లలకి ఏమీ మిగలదు. బడి బదులు అనాథాశ్రమం చూపిస్తే వద్దనండి. నేపాల్‌లో అలాంటి హోముల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలు బతికే ఉన్నారని, వాలంటీర్ల డబ్బు కోసం పిల్లల్ని ఊళ్ళ నుంచి తెచ్చిన సందర్భాలు ఉన్నాయని ఎప్పుడో బయటపడింది.

2. కాగితాలు, డబ్బు

విమానంలో వెళ్తే పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చూపించి వెళ్దామనుకుంటే కుదరదు, పదిహేనేళ్ళ లోపు, అరవై అయిదేళ్ళు దాటిన వాళ్ళకి మాత్రమే అది చెల్లుతుంది. హైదరాబాద్ వైపు నుంచి రక్సౌల్‌కి నేరుగా రైలు ఉంది, అక్కడ సరిహద్దు దాటితే బీర్‌గంజ్, అక్కడి నుంచి బస్సులు. మన రూపాయికి అక్కడ 1.60 నేపాలీ రూపాయలు వస్తాయి, 1993 నుంచి అదే రేటు. కొండ ఊళ్ళో ఏటీఎం ఉండదు, వంద నోట్లు తీసుకెళ్ళి పట్నంలోనే మార్చుకోండి. సిమ్‌కి ఫొటోలు, గుర్తింపు కార్డు నకలు దగ్గర పెట్టుకోండి. ప్లగ్గులు మనవే పనిచేస్తాయి. గడియారం పావుగంట ముందుకి తిప్పుకోండి. ఊరు చేరాక వడా ఆఫీసులో, అంటే ఆ ఊరి వార్డు ఆఫీసులో, మీ సంగతి చెప్పి పెట్టమని హెడ్‌సర్‌ని అడగండి.

3. వాళ్ళ గడియారంతో తినండి

మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మనకి పొద్దున్నే టిఫిన్ పడాలి. అక్కడ అయిదున్నరకి లేస్తే ఒక గ్లాసు టీ, అంతే. తొమ్మిదికి దాల్‌భాత్, అంటే పూర్తి భోజనం: అన్నం, పప్పు, కూర, పచ్చడి. పదింటికి బడి. మధ్యాహ్నం ఒంటిగంటకి ఖాజా అంటారు, గుప్పెడు అటుకులో నూడుల్సో. నాలుగింటికి బడి వదిలాక టీ, వేయించిన మొక్కజొన్న గింజలు. మళ్ళీ దాల్‌భాత్ రాత్రి ఏడూ ఎనిమిది మధ్య. మొదటి వారం పొద్దున తొమ్మిదికి అన్నం ఎలా తింటాం అని నేను రెండు ముద్దలతో లేచిపోయేదాన్ని, పన్నెండు అయ్యేసరికి బోర్డు ముందు కళ్ళు తిరిగేవి. తొమ్మిది గంటల అన్నం కడుపునిండా తినండి.

వడ్డించడంలో ఆ ఇంటి ఆమా, అంటే అమ్మ, ఆగదు. గరిట మీ కంచం మీదే ఉంటుంది, మీరు వద్దు అనేలోపు అన్నం పడిపోతుంది. రెండు చేతులూ కంచం మీద అడ్డం పెట్టి "పుగ్యో" అనాలి, చాలు అని. ఒక్క చెయ్యి పెడితే మొహమాటం అనుకుని వేళ్ళ సందుల్లోంచి పప్పు పోస్తుంది. కంచంలో వదిలేయడం కన్నా ముందే ఆపడం మర్యాద.

మనకి తేలికయ్యే విషయం ఒకటుంది. వాళ్ళకీ ఎంగిలి పట్టింపు ఉంది, జూఠో అంటారు. మీ గ్లాసు పెదాలకి తగిలిస్తే అది మీదే, తిన్న చేత్తో వడ్డన గరిట ముట్టకూడదు, ఎడం చేత్తో ఇవ్వకూడదు. అమెరికా నుంచి వచ్చినవాళ్ళు నెల పట్టి నేర్చుకునేది మనకి అమ్మమ్మ ఇంట్లోనే వచ్చేసి ఉంటుంది. ఢిండో పెడితే కంగారు పడకండి, కోదో అంటే రాగులే, అది మన సంకటే. ముద్ద చేసి నమలకుండా గుండ్రుక్ (పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర) పులుసులో ముంచి మింగుతారు. నేను తీసుకెళ్ళిన ఆవకాయ సీసా ఆ ఇంట్లో నాలుగు రోజులు కూడా ఉండలేదు.

పిలవకుండా వంటింట్లోకి వెళ్ళకండి, చెప్పులతో అసలే వద్దు, పొయ్యి దగ్గర ఎంగిలి వస్తువు పెట్టకండి. ఆడవాళ్ళకి ఒక మాట. నెలసరి రోజుల్లో కొన్ని ఇళ్ళల్లో వంటింటికి, పూజ గదికి దూరం ఉంచుతారు. ఇంట్లో దీదీని మొదటి వారంలోనే పక్కకి పిలిచి అడిగేయండి. అలాంటి పద్ధతి మీకు కష్టమనిపిస్తే హెడ్‌సర్‌కి చెప్పి బస మార్చుకోవచ్చు, ఆ రోజు దాకా ఆగి గొడవపడొద్దు.

భోజనం, బస డబ్బు ఎంతో ముందే మాట్లాడుకుని, వారం వారం వంట చేసే మనిషి చేతికే ఇవ్వండి. వద్దంటారు. అయినా ఇవ్వండి.

4. స్నానం, బట్టలు, నీళ్ళు

స్నానం ధారా దగ్గర, అంటే ఊరి కుళాయి దగ్గర, అందరి ముందే. ఆడవాళ్ళు లంగా గుండెల దాకా కట్టుకుని చేస్తారు, మగవాళ్ళు నిక్కరుతో. ఒక పాత లంగా, పెద్ద తువ్వాలు తీసుకెళ్ళండి. ఎండ ఉన్న మధ్యాహ్నం చేయండి, పొద్దున నీళ్ళు ఎముకలు కొరుకుతాయి. నేనున్నప్పుడు శుక్రవారం ఒంటిపూట, శనివారం సెలవు, ఆదివారం బడి, కాబట్టి శనివారం బట్టల రోజు. తాగే నీళ్ళు కాచినవే, రాత్రే సీసాలో పోసి పెట్టుకోండి.

5. క్లాసులో మొదటి మూడు రోజులు వెనక బెంచీలో కూర్చోండి

నోరు మెదపకుండా చూడండి. నాలుగో క్లాసులో ఒక పాప ఇంగ్లీషు పాఠం పేజీ మొత్తం రాగం తీసి గడగడా చదివేసింది, నాకు ఎంత ముచ్చటేసిందో. తర్వాత పక్కన కూర్చుని అదే పేజీలో మధ్యలో ఉన్న 'వాటర్' అనే మాట మీద వేలు పెట్టి ఇదేమిటి అని అడిగాను. పాప పైవాక్యం నుంచి పాట మొదలుపెట్టి, పాడుకుంటూ వచ్చి, నా వేలు దగ్గర ఆగి, అప్పుడు చెప్పింది. అంటే చదవడం రాదు, పేజీ కంఠతా వచ్చు. ఆ రోజు నుంచి నేను చేసిన పని ఒక్కటే: రోజుకి ఎనిమిది మాటలు పాఠంలోంచే తీసి, అట్టముక్కల మీద రాసి, వరస మార్చి చదివించడం. ఎండిన నూడుల్స్ అట్టపెట్టెలు చాలు, ఖర్చు లేదు. వాళ్ళ టీచర్ కూడా నాతో పాటే కూర్చుని రాశారు, అదే ముఖ్యం.

హిందీ వస్తే పని సులువే, చాలామందికి టీవీల వల్ల అర్థమవుతుంది. కానీ మొదటి మాట నేపాలీలో మాట్లాడండి. "ఖానా ఖాను భయో?" అంటే భోంచేశారా అని, మనలాగే వాళ్ళకీ అదే పలకరింపు. చిన్న పిల్లలు కొందరికి ఇంటి భాష గురుంగో తమాంగో, నేపాలీ కూడా బడిలోనే నేర్చుకుంటున్నారని గుర్తు పెట్టుకుని నెమ్మదిగా చెప్పండి. మనం ఇండియా వాళ్ళమని తెలిస్తే బుద్ధుడు ఎక్కడ పుట్టాడని తప్పకుండా అడుగుతారు. లుంబినీ, నేపాల్ అని చెప్పండి, క్లాసంతా చప్పట్లు కొడుతుంది.

పిల్లల్ని కొట్టడం అక్కడ 2018 నుంచి చట్టప్రకారం నేరం, అయినా బెత్తం కనిపించవచ్చు. పిల్లల ముందు టీచర్‌తో వాదించకండి, సాయంత్రం టీ దగ్గర మాట్లాడండి, మారకపోతే హెడ్‌సర్‌కి చెప్పండి. చాక్లెట్లు, పెన్నులు పిల్లలకి చేతికి పంచకండి, బడికి ఇస్తే టీచర్లే పంచుతారు. పిల్లల ముఖం, ఊరి పేరు కలిపి ఇంటర్నెట్‌లో పెట్టకండి.

6. సాయంత్రాలు

చీకటి పడ్డాకే ఒంటరితనం వస్తుంది. మూడో వారం నాకు ఏడుపొచ్చింది. గదిలో ఫోన్ పట్టుకు కూర్చుంటే ఇంకా పెరుగుతుంది, పొయ్యి దగ్గరికి రమ్మంటే వెళ్ళి ఆకుకూర వలవండి. ఇంటికి ఫోన్ వారానికి రెండు రోజులు, ఒకే వేళకి పెట్టుకోండి, లేకపోతే సిగ్నల్ లేని రోజు అమ్మకి టెన్షన్.

7. చివరి వారం

వెళ్ళే తేదీ పిల్లలకి పది రోజుల ముందే చెప్పండి. మళ్ళీ వస్తానని ఖాయంగా తెలియకపోతే ఆ మాట అనొద్దు, వాళ్ళు రోజులు లెక్కపెడతారు. ఎవరికి ఏ మాటలు వచ్చాయో రాసిన నోట్‌బుక్, అట్టముక్కలు క్లాసు టీచర్‌కి అప్పగించి, ఆఖరి రెండు రోజులు పాఠం ఆయనతోనే చెప్పించి మీరు మళ్ళీ వెనక బెంచీలో కూర్చోండి. వీడ్కోలు రోజు నుదుట టీకా (బొట్టు) పెట్టి బంతిపూల దండలు వేస్తారు, మర్నాడు బస్సు పొద్దున ఆరింటికే ఉంటుంది కాబట్టి సంచి ముందురోజు మధ్యాహ్నమే సర్దేసుకోండి.