మనం అమ్మే బట్టల వెనుక వెట్టిచాకిరి ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ముందు గోడకు ఒక పెద్ద కాగితం అంటించండి. కంప్యూటర్ పట్టికలు వద్దు, వాటిని ఎవరూ చివరిదాకా చదవరు. మీ బెంగళూరు దుకాణంలోని చొక్కాను అదే నగరంలోని పీణ్యలోనో బొమ్మనహళ్లిలోనో కుట్టి ఉండొచ్చు. అక్కడితో ఆగకుండా బట్ట నేసినచోటు, రంగు అద్దినచోటు, నూలు మిల్లు, పత్తి వచ్చిన ఊరు కూడా రాయండి. కొనుగోలు విభాగం బిల్లులతో మొదలుపెట్టండి.

కాంట్రాక్టరు తెచ్చిన కూలీలు, ముందుగా ఇచ్చిన అడ్వాన్సు, యాజమాన్యం నడిపే హాస్టల్ ఉన్నచోట ఎర్ర గుర్తు పెట్టండి. తమిళనాడు నూలు మిల్లుల్లో సుమంగళి పేరుతో అమ్మాయిలను మూడేళ్లకు కుదుర్చుకుని, పెళ్లి ఖర్చుకని మొత్తం సొమ్ము చివర్లో ఇస్తామనేవారు. మధ్యలో మానేస్తే అది పోయినట్లే. జీతం ఆపి మనిషిని కట్టిపడేసే ఏ ఏర్పాటయినా ఈ కోవలోకే వస్తుంది.

తర్వాత హాజరు పట్టీ, జీతాల పట్టీ పక్కపక్కన పెట్టి చూడండి. అదనపు గంటలకు రెట్టింపు కూలి పడిందా? కనీస వేతనానికి తగ్గిందా? తగ్గితే అదీ బలవంతపు చాకిరీయేనని ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) నిర్మాణ కార్మికుల కేసులో 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 'వాళ్లే ఇష్టపడి వస్తున్నారు' అనే జవాబును ఒప్పుకోకండి.

అందరూ చెడగొట్టేది కార్మికులతో మాట్లాడే పనిని. మేనేజరు గదిలో, మేనేజరు ఎంచి పంపిన నలుగురితో మాట్లాడి సంతకం పెట్టి వస్తారు. ఆ మాటలకు విలువ లేదు. ఆదివారం సాయంత్రం, ఫ్యాక్టరీకి దూరంగా కలవండి. దుబాసీ ఫ్యాక్టరీ మనిషి కాకూడదు. హిందూపురం నుంచి వచ్చిన ఆమెతో తెలుగులో, ఒడిశా అమ్మాయితో ఒడియాలో మాట్లాడాలి.

'మిమ్మల్ని బలవంతపెడుతున్నారా?' అని ఎన్నడూ అడగకండి. భయపడి లేదంటారు. ఆధార్ కార్డు ఎవరి దగ్గర ఉంది, రేపు మానేస్తే ఎంత కట్టాలి, కిందటిసారి ఊరికి ఎప్పుడు వెళ్లారు, వార్డెన్‌ను అడగకుండా బజారుకు వెళ్లగలరా అని అడగండి. జవాబుల్లోనే సంగతి బయటపడుతుంది.

పేర్లు రాయకండి, ఫోటోలు తీయకండి, రికార్డు చేయకండి. ఒక్కరినే పిలిస్తే చెప్పింది ఎవరో మర్నాటికే తెలిసిపోతుంది, పదిమందిని కలవండి. మీ నివేదిక వల్ల ఒక్క అమ్మాయి ఉద్యోగం పోయినా ఆ తప్పు మీదే.

ఫ్యాక్టరీకి ధ్రువపత్రం ఉంటే ఇదంతా ఎందుకని కొందరంటారు. 2012 సెప్టెంబరులో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ కాలిపోయి 250 మందికి పైగా చనిపోయారు. ఆ ఫ్యాక్టరీకి అంతకు కొద్ది వారాల ముందే పని పరిస్థితులు బాగున్నాయని చెప్పే ఎస్ఏ 8000 ధ్రువపత్రం వచ్చింది.

తప్పు దొరికితే వెంటనే ఆర్డరు రద్దు చేయకండి. దెబ్బ తగిలేది కార్మికులకే. ముందు వారి ఆధార్ కార్డులు, జీతం బకాయిలు ఇప్పించండి. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం వెట్టి అప్పు చెల్లించనక్కర్లేదని వారికి చెప్పండి. వారి క్షేమం చూసుకుని జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు చేయండి. ఆ తర్వాత, మీరు ఇచ్చిన ధరకు, గడువుకు ఆ సరుకు న్యాయంగా తయారవుతుందా అని మీ కొనుగోలు విభాగాన్నే కూర్చోబెట్టి లెక్క అడగండి.